బీపీ పట్టీ విప్పేలోపు

కువైట్‌కు వచ్చిన మనవాళ్లలో 'మెడికల్' అనే మాట తెలియనివాళ్లు లేరు. వీసా మాట ఖాయం కాగానే ముందు దాటాల్సిన గడప అదే. పాతవాళ్లు ఇంకా గామ్కా మెడికల్ అంటారు. ఇప్పుడు దాని పేరు వాఫిద్. రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, క్షయ ఉందా, హెచ్‌ఐవీ ఉందా, కామెర్ల వైరస్‌లు ఉన్నాయా అని చూస్తారు. ఇక్కడ దిగాక మళ్లీ ఒకసారి అదే తంతు. ఫిట్ అయితే అకామా, అంటే నివాస అనుమతి; అన్‌ఫిట్ అయితే తిరుగు విమానం.

ఆ మెడికల్‌లో రొమ్ము పరీక్ష లేదు. గర్భసంచి ముఖద్వారం పరీక్ష లేదు. నోరు తెరిపించి బుగ్గల లోపల చూడటం లేదు. అయినా ఫర్వానియాలోనో, అబ్బాసియాలోనో ఒక క్లినిక్‌లో మీ ఎదుట కూర్చున్న నలభై అయిదేళ్ల రాజంపేట అక్కని "ఎప్పుడైనా క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నావా అక్కా?" అని అడిగి చూడండి. "నాకేం రోగం సిస్టర్, మెడికల్ పాసయ్యే కదా వచ్చింది!" అంటుంది. పూర్తి నమ్మకంతో అంటుంది.

ఈ అధ్యాయం ఆ అక్కకి రాస్తున్నది కాదు. కుర్చీకి ఇవతలివైపు ఉన్న మీకు రాస్తున్నది. కువైట్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సు, డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, ఎవరైనా సరే. మీరు ఒక్క మాట చెబితే ఆమె పరీక్షకు వెళ్తుంది, చెప్పకపోతే వెళ్లదు. ఇది నేను ఊహించి చెబుతున్న సంగతి కాదు. అనేక దేశాల్లో, అనేక రకాల పరీక్షల మీద జరిగిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలింది ఇదే: పరీక్ష చేయించుకున్నవాళ్లని "ఎందుకు చేయించుకున్నారు?" అంటే "మా డాక్టరు చెప్పారు" అంటారు. చేయించుకోనివాళ్లని అడిగితే "నాకెవరూ చెప్పలేదు" అంటారు. పోస్టర్లు, ర్యాలీలు, గులాబీ రిబ్బన్లు అన్నీ ఆ ఒక్క మాట తర్వాతే.

ఆమె ఎవరికీ కనబడదు

ముందు ఆమె ఎక్కడ జారిపోతోందో చూడండి. ఊళ్లో ఉన్నప్పుడు పరీక్ష జరగలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి 1.9 మంది. రొమ్ము పరీక్ష అయితే 0.9. వందమందిని నిలబెడితే ఇద్దరు కూడా లేరు. ఆ స్థితిలోనే ఆమె విమానం ఎక్కింది.

ఇక్కడికి వస్తే, కువైట్ ప్రభుత్వం 2014లో జాతీయ మామోగ్రఫీ కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి కార్యక్రమం. కానీ అది పిలుస్తున్నది నలభై దాటిన కువైటీ మహిళలని. మన అక్కకి అందులోంచి పిలుపు రాదు. తనంతట తాను వెళ్దామంటే ఖర్చు. 2017 నుంచి విదేశీయులు ప్రభుత్వ పాలీక్లినిక్‌లో చూపించుకోవాలంటే 2 దీనార్లు, ఆసుపత్రి ఔట్‌పేషంట్‌లో 10 దీనార్లు కట్టాలి. 2022 చివర్లో మందులకు విడిగా రుసుము పెట్టారు. ఇంటిపని వాళ్లకి 2016లో ఇక్కడ నిర్ణయించిన కనీస జీతం నెలకి 60 దీనార్లు. అంతకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నా, అందులో ఊరికి పంపాల్సింది పోగా ఆమె చేతిలో మిగిలేదెంతో మీకు తెలుసు. నొప్పి లేని జబ్బు కోసం ఆ డబ్బు తీయమని ఆమెకి ఎవరు చెబుతారు?

రెండేళ్లకోసారి సెలవు మీద ఊరికి వెళ్తుంది. కూతురి పెళ్లి, ఇంటి స్లాబు, బ్యాంకు బాకీ, తిరుపతి మొక్కు. ఆ హడావుడిలో ఆసుపత్రి మెట్లు ఎక్కదు. మళ్లీ విమానం, మళ్లీ రెండేళ్లు. అలా ఆమెకి ముప్పై అయిదు నుంచి యాభై అయిదు వస్తాయి. పరీక్షలు ఎక్కువగా ఉపయోగపడే వయసంతా ఇక్కడే, ఎవరి జాబితాలోనూ లేకుండా గడిచిపోతుంది.

ఈ ఇరవై ఏళ్లలో ఆమెకి ఎదురుపడే వైద్యరంగం మనిషి ఒక్కరే. నడుం నొప్పికో, బీపీకో, షుగర్‌కో వచ్చినప్పుడు కనబడే మీరు.

మీకెందుకు నోరు రాదు

నిజాయితీగా మాట్లాడుకుందాం. మీకు తెలియక కాదు. మామోగ్రామ్ అంటే ఏమిటో, పాప్ పరీక్ష ఏమిటో నర్సింగ్ రెండో ఏడాదిలోనే చదివారు. అయినా అడగరు. బయట ఇరవైమంది ఉన్నారు. ఆమె వచ్చింది మోకాళ్ల కోసం. క్యాన్సర్ మాట ఎత్తితే హడలిపోతుందేమో. డాక్టరు చెప్పాల్సింది నేనెందుకు చెప్పాలి అని నర్సు, గైనకాలజిస్టు చెబుతారులే అని జనరల్ డాక్టరు. చెప్పాక "ఎక్కడ చేయించుకోను?" అంటే జవాబు లేదు.

వీటన్నిటిలో న్యాయమైన కారణం చివరిది ఒక్కటే. దాని సంగతి తర్వాత చెబుతాను. 'నేనెందుకు' అన్నదానికి మాత్రం ముంబయి జవాబు చెప్పింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998లో ముంబయి మురికివాడల్లో దాదాపు లక్షన్నరమంది మహిళలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. గర్భసంచి ముఖద్వారానికి వెనిగర్ పూసి చూసే పరీక్ష. చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పన్నెండేళ్ల తర్వాత లెక్క చూస్తే ఆ క్యాన్సర్‌తో మరణాలు 31 శాతం తగ్గాయి. పదో తరగతి చదివిన చేతులు అంత పని చేసినచోట, బీఎస్సీ నర్సింగ్ చదివిన మీరు "నా పని కాదు" అనుకోవడానికి వీల్లేదు.

'చేయించుకుంటావా' కాదు, 'చేయించుకోవాలి'

మాట ఎలా అంటున్నామన్నదే సగం పని. "క్యాన్సర్ పరీక్ష ఏమైనా చేయించుకుంటావా అక్కా?" అంటే జవాబు ముందే ఖాయం: "ఇప్పుడెందుకులే సిస్టర్." మీరు అడిగింది ఆమె ఇష్టాన్ని. ఆమెకి ఇష్టం ఎలా ఉంటుంది? బీపీ చూసేటప్పుడు ఇష్టం అడుగుతున్నామా? "చెయ్యి చాపక్కా" అంటాం. ఇదీ అంతే. "అక్కా, నీకు నలభై దాటాయి. ఈ వయసులో ఆడవాళ్లందరికీ రొమ్ము పరీక్ష చేయిస్తాం. నువ్వు కూడా ఈ నెల చేయించుకోవాలి. శుక్రవారం వీలవుతుందా, శనివారమా?" హెచ్‌పీవీ టీకా విషయంలో అమెరికాలో డాక్టర్లకు ఇదే పద్ధతి నేర్పి చూశారు. చర్చగా మొదలుపెట్టినప్పటికంటే, మామూలు పనిలా చెప్పినప్పుడు ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఆమె వద్దంటే వద్దనే, బలవంతం లేదు. కానీ వద్దనడానికి కూడా ముందు ఆమెకి ఒక స్పష్టమైన సలహా అందాలి కదా.

అందులో 'అందరికీ' అన్న మాట వదలకండి. "నన్నే ఎందుకు అడుగుతోంది, నాలో ఏం కనబడింది?" అన్న భయాన్ని ఆ ఒక్క మాట తీసేస్తుంది. కోనసీమ నుంచి వచ్చిన పెద్దావిడైతే "అమ్మా, మీరు చేయించుకోవాలండి" అనండి. రాయచోటి ఆమెతో "అక్కా, సేపించుకోవాల" అనండి. మీ యాస మీకు అడ్డు కాదు. ఈ దేశంలో అరబ్బీలో, హిందీలో, ఇంగ్లీషులో సగం సగం అర్థమయ్యే సలహాల మధ్య తల్లి భాషలో వచ్చిన ఒక్క మాటే ఆమెకి గుర్తుంటుంది.

చిన్నదే అయినా పనికొచ్చే సంగతి ఒకటి. పెద్దపేగు క్యాన్సర్‌కి చేసే మలపరీక్షని మనం 'ఫిట్' అంటాం. కువైట్‌లో ఫిట్, అన్‌ఫిట్ అంటే ఆమెకి తెలిసిన అర్థం వేరు. ఫిట్ టెస్ట్ రాస్తున్నాను అనగానే అకామా పోతుందేమో అనుకుంటుంది. "మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష" అని చెప్పండి. ఏ పరీక్ష గురించి చెప్పినా మొదటి మాటగా "ఇది అకామా మెడికల్ కాదు, నీ కోసం చేసేది" అనండి. ఆమె భయం వట్టిది కాదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడి వెనక్కి వెళ్లిపోయిన వాళ్లని ఆమె చూసింది. అందుకే మీ చేతిలో లేని హామీలు ఇవ్వకండి. "ఏమీ కాదులే" అనొద్దు. "గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే వైద్యం తేలిక, పనిలోకి తిరిగి రావడమూ తేలిక. ముదిరాక దొరికితే రెండూ కష్టం" అనండి. అది నిజం.

గర్భసంచి దగ్గర ఆగండి

తెలుగు ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు తప్పక తెలిసి ఉండాల్సింది ఒకటుంది. మలయాళీ సిస్టర్‌కో, ఈజిప్టు డాక్టర్‌కో ఇది తట్టకపోవచ్చు. మీకు తట్టాలి. గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిపోయినవాళ్లు మీ క్లినిక్‌కి వారంలో ఎంతమంది వస్తున్నారో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్లలో చాలామందికి ఆనాడు చెప్పిన కారణం ఏమిటో అడగండి. "తెల్లబట్ట అవుతోంది, తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు."

అంటే మన పల్లెల్లో క్యాన్సర్ అనే మాటని ఎన్నోసార్లు వాడింది పరీక్ష చేయించడానికి కాదు, కత్తి పెట్టడానికి. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని, చిన్న వయసులోనే నడుం నొప్పులు, ఒళ్లు మంటలు మోసుకుంటూ, ఆ అప్పు తీర్చడానికే కువైట్ ఎక్కిన ఆడవాళ్లున్నారు. అలాంటి మనిషి ముందు మీరు "గర్భసంచి క్యాన్సర్ పరీక్ష" అనగానే ఆమె ముఖం మూసుకుపోతే ఆశ్చర్యం లేదు. మనకంటే ముందు ఆ మాట చెప్పినవాళ్లు ఆమె నమ్మకాన్ని వాడుకున్నారు. ఆ బాకీ మనం తీర్చాలి.

అందుకే ముందు ఒక ప్రశ్న: "అక్కా, గర్భసంచి ఉందా, తీయించావా?" తీయించి ఉంటే, పాత కాగితం ఉందేమో, ముఖద్వారంతో సహా తీశారా, ఎందుకు తీశారో కనుక్కోండి. మామూలు కారణంతో మొత్తం తీసేసి ఉంటే ఆమెకి ఈ పరీక్షే అక్కర్లేదు. ఆ సంగతి చెప్పండి. "నీకు అది అవసరం లేదు, రొమ్ము పరీక్ష చాలు" అని మీరన్నప్పుడు, డబ్బు కోసం చెప్పడం లేదని ఆమెకి అర్థమవుతుంది. మిగతా మాటలు అప్పుడు వింటుంది. తీయించకపోతే, "ఇది ఆపరేషన్ కాదు. దూదిపుల్లతో తుడిచి చూడటమే. తేడా కనబడినా చాలాసార్లు ఆ చిన్న భాగానికి వైద్యం చేస్తే సరిపోతుంది, సంచి తీయక్కర్లేదు" అని చెప్పండి.

ఇంకొకటి, మెల్లగా చెప్పాల్సింది. ఖద్దామాగా, అంటే ఇంటిపనికి వచ్చినవాళ్లలో భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు చాలామంది. "మొగుడు లేనిదానికి నాకెందుకు సిస్టర్ ఆ పరీక్ష?" అంటారు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఒంట్లో ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉండగలదని చెప్పండి. పెళ్లయిన ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే, అది ఎవరి నడవడికీ మచ్చ కాదని చెప్పండి. ఫలితం పాజిటివ్ వచ్చిన రోజున కాదు, పరీక్షకి ముందే చెప్పండి. 2022లో మన దేశంలో ఈ ఒక్క క్యాన్సర్‌తో పోయినవాళ్లు దాదాపు 80 వేలమంది.

గదిలో మూడో మనిషి

ఇంటిపని చేసే ఆమె ఒంటరిగా రాదు. పక్కన మామా, అంటే ఇంటి యజమానురాలు ఉంటుంది, లేదా డ్రైవర్ ఉంటాడు. మీరు ఆమెని అడిగితే మామా జవాబు చెబుతుంది. మామా మంచిదే కావచ్చు, ఫీజు కట్టేది ఆవిడే కావచ్చు. అయినా రొమ్ము గురించి, నెలసరి గురించి ఒక యజమాని ఎదుట ఏ ఆడమనిషి నోరు విప్పుతుంది? "పరీక్ష చేయాలి, రెండు నిమిషాలు బయట కూర్చోండి" అని మర్యాదగా పంపండి. ఫలితం ముందు పేషంట్‌కి చెప్పండి, ఎవరికి చెప్పాలో ఆమెనే అడగండి. కువైట్ 2015లో చేసిన 68వ నంబర్ ఇంటిపనివాళ్ల చట్టం వారానికి ఒకరోజు సెలవునీ, ఏడాదికి నెలరోజుల జీతంతో సెలవునీ ఇచ్చింది, జబ్బు చేస్తే వైద్యం బాధ్యత యజమాని మీద పెట్టింది. ఆ సంగతి మామాకి తెలిసినా తెలియకపోయినా, మీకు తెలిసి ఉండాలి.

ఎవరికి ఏది

పెద్ద పట్టిక అక్కర్లేదు. నలభై దాటిన ఆడవాళ్లకి రెండేళ్లకోసారి మామోగ్రామ్. ముప్పై నుంచి అరవై అయిదు మధ్య గర్భసంచి ముఖద్వారానికి హెచ్‌పీవీ పరీక్ష అయిదేళ్లకోసారి, అది దొరక్కపోతే పాప్ మూడేళ్లకోసారి. నలభై అయిదు దాటిన ఆడామగా అందరికీ మలపరీక్ష ఏటా. పొగాకు అలవాటున్న ఎవరికైనా నోరు చూడటం. ఈ చివరిదానికి కావలసింది టార్చిలైటు, చేతికి గ్లౌజు. గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టే డ్రైవరన్నలు మీకు రోజూ కనబడతారు. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వచ్చిన పెద్దవాళ్లని అడ్డపొగ అలవాటుందా అని అడగండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగేవాళ్లకి పుండు అంగిట్లో వస్తుంది, తల వెనక్కి వాల్చి చూడకపోతే తెలియదు. కేరళలో జరిగిన పెద్ద అధ్యయనంలో పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ల నోరు క్రమం తప్పక చూసినందుకే వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి.

ఆమె ఇప్పటికే గడ్డ తగులుతోందన్నా, ముట్లు ఆగిపోయాక రక్తం కనబడుతోందన్నా అది స్క్రీనింగ్ కాదు. వయసు చూడొద్దు, సెలవు దాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి.

ప్యాకేజీల గురించి కూడా ఒక మాట. ఒంట్లో క్యాన్సరంతా ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుందని ట్యూమర్ మార్కర్లు కలిపి అమ్మేవి ఆరోగ్యంగా ఉన్న మనిషికి రాయకండి. ప్రతిదాన్నీ వెతకడం మేలు కాదని దక్షిణ కొరియా నేర్పింది. అక్కడ థైరాయిడ్‌కి విచ్చలవిడిగా అల్ట్రాసౌండ్లు చేస్తే 1993 నుంచి 2011కి ఆ క్యాన్సర్ కేసులు 15 రెట్లు పెరిగాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. వేలమంది గొంతు కోయించుకుని బతుకంతా మాత్రలు మింగుతున్నారు. సరైన పరీక్ష గట్టిగా చెప్పాలి, అక్కర్లేనిది అంతే గట్టిగా వద్దనాలి.

ఎక్కడ చేయించాలి

ఇప్పుడు ఆ న్యాయమైన ప్రశ్నకు వద్దాం. మీ క్లినిక్‌కి దగ్గరలో మామోగ్రామ్ ఎక్కడ, ఎంత, శుక్రవారం తెరిచి ఉంటుందా, ఆడ టెక్నీషియన్ ఉందా? ఒక సాయంత్రం ఫోన్లు చేసి కాగితం మీద రాసి బల్లకి అంటించండి. భారతీయ వైద్యుల సంఘం, తెలుగు సంఘాలు పెట్టే వైద్య శిబిరాల తేదీలు తెలుసుకోండి. ఆ శిబిరాల్లో బీపీ, షుగర్ చూసి పంపేస్తున్నారు. రొమ్ము పరీక్షకి ఒక తెర, నోటికి ఒక టార్చి పెట్టమని నిర్వాహకులని అడగండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి నర్సులు ఫ్లూ టీకాకి వచ్చినవాళ్ల చేతికి మలపరీక్ష కిట్ కూడా ఇచ్చి పంపారు. ఎలాగూ వచ్చిన మనిషే కదా అనుకున్నారు, అంతే. పరీక్షలు చేయించుకున్నవాళ్ల సంఖ్య బాగా పెరిగింది.

ఇక్కడ కుదరదంటే ఊరి సెలవుకి ముడిపెట్టండి. "ఎప్పుడు పోతున్నావు?" అని అడిగి ఆ నెల ఫైల్ మీద రాసుకోండి. తెలుగులో ఒక చీటీ రాసివ్వండి: వయసు, ఏ పరీక్ష, ఎక్కడ. కడప వైపు వాళ్లకి తిరుపతి దగ్గర, గోదావరి వాళ్లకి విశాఖ దగ్గర. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ లక్షణాలు అడిగే కార్యక్రమం మొదలైంది, ఊళ్లో ఆశా కార్యకర్తకి ఈ చీటీ చూపించమనండి. ఆమె వెళ్లిన వారానికి ఒక వాట్సాప్ సందేశం పంపండి. వచ్చాక ఫలితం అడగండి. తేడా వచ్చిందని తెలిస్తే వదలకండి. కువైట్ క్యాన్సర్ కంట్రోల్ సెంటర్‌కి రాయించాలా, ఊళ్లోనే ఉండి వైద్యం చేయించుకోవాలా అన్న నిర్ణయం ఆమె ఒంటరిగా, భయంలో తీసుకోకూడదు. ఫలితం వెంట నడవలేని పరీక్ష ఆమెకి చేసేది కీడే.

మీ జ్ఞాపకశక్తిని మాత్రం నమ్ముకోకండి. క్లినిక్ మేనేజర్‌తో మాట్లాడి నలభై దాటినవాళ్ల ఫైల్ మీద ఒక రంగు స్టిక్కర్ వేయించండి. నెలాఖరున ఎంతమంది వచ్చారు, ఎంతమందికి చెప్పాం, ఎంతమంది చేయించుకున్నారు, మూడు అంకెలు గోడ మీద పెట్టండి. గుర్తుచేసే ఏర్పాటు, ఎవరి లెక్క వాళ్లకి చూపించడం, ఈ రెండూ పనిచేస్తాయని అమెరికా ప్రజారోగ్య నిపుణుల బృందం చాలా ఏళ్లుగా సిఫార్సు చేస్తోంది. డాక్టర్లకి డబ్బు బహుమతులిస్తే పనిచేస్తుందా అంటే, తగిన ఆధారం లేదనే తేల్చింది. స్టిక్కర్ ఖర్చు కొన్ని ఫిల్సులే.

అన్నిటికంటే ముందు మీరు చేయించుకున్నారా? రాత్రి డ్యూటీలు చేస్తూ నలభై రెండు దాటిన సిస్టర్లు ఈ పేజీ చదువుతున్నారని నాకు తెలుసు. పరీక్ష చేయించుకోని నర్సు గొంతు ఆ మాట దగ్గర సన్నబడుతుంది. "నేనూ చేయించుకున్నానక్కా, కాస్త నొక్కినట్టుంటుంది, అయిదు నిమిషాలు" అని మీరు అనగలిగిన రోజున మీకింకే వాదనా అక్కర్లేదు.

రేపు ఉదయం డ్యూటీలో మొదటగా వచ్చే నలభై దాటిన అక్క చేతికి బీపీ పట్టీ చుట్టండి. గాలి దిగి అంకె కనబడటానికి ఎలాగూ అర నిమిషం పడుతుంది. పట్టీ విప్పేలోపు అడగండి: "అక్కా, నీ వయసెంత? రొమ్ము పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు?"